సూటు లేకుండా క్వీన్ మేరీ ఎక్కవచ్చా?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మాది విజయవాడ. వచ్చే జూన్‌కి మా పెళ్ళయి నలభై ఏళ్ళు నిండుతాయి. ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయీ కోడలూ మా ఇద్దరికీ క్వీన్ మేరీ 2 ఓడలో నార్వే ఫ్యోర్డుల (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపాయల) ప్రయాణం బుక్ చేస్తామంటున్నారు. సౌతాంప్టన్‌లో ఎక్కి, స్టవాంగర్, ఫ్లామ్, గైరాంగర్, బెర్గెన్ చూసుకుని ఏడు రాత్రుల తర్వాత మళ్ళీ సౌతాంప్టన్‌లోనే దిగడం. పిల్లలు రారు, మేమిద్దరమే. నాకు వెళ్ళాలని ఉంది. మావారికి బెంగ. ఆ ఓడలో సూటూ బూటూ లేకపోతే రాత్రి భోజనానికి రానివ్వరని ఎక్కడో చదివారు. ఆయన పెళ్ళిళ్ళకి పంచే కడతారు, జీవితంలో సూటు వేసుకోలేదు. "ఆ దొరల మధ్య మనమేంటి" అంటున్నారు. మేము శాకాహారులం. నాకు ఘాట్ రోడ్డు ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. పైగా పెద్ద ఓడల్ని ఇక ఆ ఫ్యోర్డుల్లోకి రానివ్వరని కూడా విన్నాం. వెళ్ళమంటారా, మానమంటారా?

సమాధానం:

నమస్కారమండీ.

వెళ్ళండి. మోకాళ్ళకీ, శాకాహారానికీ, కళ్ళు తిరగడానికీ దారులున్నాయి, చెబుతాను. మీ ఉత్తరం చదివితే అసలు అడ్డు అవేవీ కావనిపించింది. "ఆ దొరల మధ్య మనమేంటి" అన్న ఆ ఒక్క మాటే అడ్డు. అందుకని బట్టల సంగతితోనే మొదలుపెడతాను.

మీవారు చదివింది సగం నిజం. ఆ ఓడ నడిపే క్యూనార్డ్ కంపెనీకి సాయంత్రం ఆరు దాటాక బట్టల విషయంలో పట్టింపు ఉంది. రోజూ రాత్రి నిక్కర్లు, చిరుగుల జీన్సులు లేకుండా నీటుగా రమ్మంటారు. మీవారు బ్యాంకుకి వేసుకెళ్ళిన పాంటు, ఇస్త్రీ చొక్కా, పైన ఒక బ్లేజరు ఉంటే చాలు, టై కూడా అక్కర్లేదు. ఏడు రాత్రుల ప్రయాణంలో మామూలుగా రెండింటిని గాలా నైట్ అంటారు. ఆ రెండు రాత్రులూ మగవాళ్ళు టక్సీడోలో (బో టైతో వేసుకునే నల్ల సూటు) గానీ ముదురు రంగు సూటులో గానీ, ఆడవాళ్ళు పొడవాటి గౌన్లలో వస్తారు. ఇక్కడిదాకా ఆయన చదివినట్టే ఉంది. చదవని సగం ఏమిటంటే, ఎవరి దేశపు సంప్రదాయ దుస్తుల్లో వాళ్ళు గాలా నైట్‌కి రావచ్చని అదే నియమంలో ఉంది. స్కాట్లండు వాళ్ళు ఆ రాత్రి గళ్ళ కిల్ట్ కట్టుకుని మోకాళ్ళు కనిపించేలా దర్జాగా వస్తారు. వాళ్ళనెవరూ సూటు ఏదని అడగరు.

కాబట్టి జరీ అంచు పట్టుపంచె, పట్టు లాల్చీ, కండువా. అంతే. మీవారు మీ అబ్బాయి పెళ్ళికి ఎలా తయారయ్యారో అలా తయారైతే సరిపోతుంది. నా సలహా ఒకటి కలుపుతాను: లాల్చీ మీద మెడదాకా బొత్తాలుండే బంద్‌గలా కోటు ఒకటి కుట్టించండి. పంచె మీదికి అది హుందాగా ఉంటుంది, హాల్లో ఏసీ చలికీ పనికొస్తుంది. పంచె లుంగీలా చుట్టుకోకుండా గోచీ పోసి కట్టుకోమనండి. ఓడ కదిలినప్పుడు, మెట్లు దిగేటప్పుడు కాలికి అడ్డం పడదు. కాళ్ళకి చెప్పులు కాకుండా బూట్లుంటే మంచిది.

మీ విషయంలో ఇబ్బందే లేదు. పట్టుచీర కట్టుకున్న ఆడమనిషిని ఆ హాల్లో అందరూ ముచ్చటగా చూస్తారు, చీర గురించి అడుగుతారు కూడా. రెండు పట్టుచీరలు చాలు. కంచిపట్టు బరువు, మడతకి చోటు ఎక్కువ పడుతుంది. ఉప్పాడ జామ్‌దానీ అయితే తేలిగ్గా ఉండి పెట్టెలో ఇట్టే ఇమిడిపోతుంది. గాలా నైట్‌కి ఒక్కోసారి నలుపు తెలుపు అనో, ఎరుపు బంగారం అనో ఒక రంగుల వరస పెడతారు. పాటించాలన్న బలవంతం లేదు. పెళ్ళిరోజు ప్రయాణంలో నలుపు కట్టడం ఇష్టం లేకపోతే తెల్లచీర, జరీ అంచుతో బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇస్త్రీపెట్టె మాత్రం తీసుకెళ్ళకండి, గదిలో వాడనివ్వరు. ఓడలోనే బట్టలు ఉతుక్కునే గదులున్నాయి, ఇస్త్రీ సదుపాయం కూడా అక్కడే ఉంటుంది.

ఒక రాత్రి మీవారికి అసలు తయారయ్యే ఓపిక లేదనుకోండి. కింగ్స్ కోర్ట్ అని బఫే ఉంది, గోల్డెన్ లయన్ అని ఒక పబ్బు ఉంది. గాలా నైట్ రోజు కూడా అక్కడికి మామూలు బట్టల్లో వెళ్ళి కడుపునిండా తినవచ్చు. సూటు లేదని ఆకలితో పడుకోబెట్టే ఓడ కాదది.

ఈ ఆర్భాటం ఎందుకో తెలిస్తే ఆయనకి కొంత బెరుకు తగ్గుతుంది. క్వీన్ మేరీ 2 ఇప్పుడు కనిపించే క్రూజ్ షిప్పుల లాంటిది కాదు. అది ఓషన్ లైనర్, అంటే అట్లాంటిక్ మహాసముద్రం దాటించడానికి కట్టిన ప్రయాణాల ఓడ. ఫ్రాన్స్‌లోని సాన్ నజైర్‌లో కట్టారు, 2004లో మొదటి ప్రయాణానికి బయల్దేరింది. పొడవు 345 మీటర్లు. ఆ తరహా ఓడల్లో ఇప్పటికీ క్రమం తప్పకుండా తిరుగుతున్నది ఇదొక్కటే. విమానాలు లేని రోజుల్లో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ దాకా రోజుల తరబడి చుట్టూ నీళ్ళు తప్ప చూడటానికి ఏమీ ఉండేది కాదు. తయారై భోజనానికి కూచోవడం, తర్వాత బాల్‌రూమ్‌లో డాన్సు, మధ్యాహ్నం టీ, ఇవే రోజుకి ఒక ఆకారం ఇచ్చేవి. ఆ అలవాటే మిగిలింది. సౌతాంప్టన్ వదిలేటప్పుడు పైకెళ్ళి ఓడ కూత వినండి. 1936 నాటి మొదటి క్వీన్ మేరీ కూతల్లో ఒకటి తెచ్చి ఈ ఓడకి పెట్టారు. గుండెల్లో దడపుట్టేంత గంభీరంగా ఉంటుంది.

అయితే నార్వే వెళ్ళేటప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. అట్లాంటిక్‌లో బయట చూడటానికి ఏమీ లేదు కాబట్టి లోపల వైభవం. ఫ్యోర్డులో బయట ఉన్నదే వైభవం. ఇదే మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది. ఓడ ఫ్యోర్డులో కదులుతున్నంతసేపూ ఏ భోజనమైనా, ఏ డాన్సయినా, ఏ టీ అయినా సరే వదిలేసి డెక్ మీదికి వెళ్ళండి. సముద్రం మీద గడిచే రోజుల్లో ముస్తాబవండి. ఫ్యోర్డు రోజుల్లో మఫ్లరు చుట్టుకుని బయట నిలబడండి. గాలా నైట్లు ఎక్కువగా సముద్రం మీద ఉన్న రోజుల్లోనే పెడతారు కాబట్టి రెండూ తగువు పడే సందర్భాలు తక్కువే.

ఇక్కడే భోజనం వేళ గురించి ఒక నిర్ణయం తీసుకోవాలి. బ్రిటానియా అనే పెద్ద భోజనశాలలో రెండు విడతలుంటాయి. మొదటిది ఆరింటికి, రెండోది ఎనిమిదిన్నర ప్రాంతంలో. బుక్ చేసేటప్పుడే మొదటి విడత అడగమని మీ అబ్బాయికి చెప్పండి. జూన్‌లో బెర్గెన్ వైపు రాత్రి పదకొండు దాకా సూర్యుడు అస్తమించడు. ఎనిమిదింటికల్లా భోజనం ముగించుకుని బయటికొస్తే, ఇంకా మూడు గంటల వెలుతురు మీ చేతిలో ఉంటుంది. రెండో విడతకి వెళితే ఆ వెలుతురంతా నాలుగు గోడల మధ్య పోతుంది. ఇద్దరికే టేబులు కావాలని కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి. కొత్తవాళ్ళతో కలిసి కూర్చునే టేబుళ్ళు కూడా ఉంటాయి, కొందరికి అదే ఇష్టం. కానీ మీవారి బెరుకు చూస్తే మొదట మీరిద్దరే కూర్చోవడం నయం. వరసగా పేర్చిన ఫోర్కులు, కత్తులు చూసి కంగారు పడొద్దు. బయటి వైపు ఉన్నదానితో మొదలుపెట్టి ఒక్కో వంటకానికీ లోపలికి జరుగుతూ పోవడమే. తప్పు తీసుకున్నా వడ్డించేవాళ్ళు చిరునవ్వుతో ఇంకొకటి తెచ్చి పెడతారు. ఆ వడ్డించేవాళ్ళలో మన దేశం వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు చాలామంది. మొదటి రోజే వాళ్ళతో రెండు మాటలు కలపమనండి. సగం కొత్త అక్కడే పోతుంది.

ఇక ఫ్యోర్డుల సంగతి. మంచుయుగాల్లో హిమానీనదాలు కొండల్ని కోసుకుంటూ సముద్రంలోకి దిగాయి. ఆ మంచు కరిగి వెనక్కి పోయాక సముద్రం లోపలికి వచ్చి నిండింది. అందుకే అవి నిటారు గోడల మధ్య ఇరుకుగా, నమ్మలేనంత లోతుగా ఉంటాయి. ఫ్లామ్ వెళ్ళాలంటే సోగ్నె ఫ్యోర్డులోంచి పోవాలి. దాని పొడవు 200 కిలోమీటర్లకి పైనే. చాలాచోట్ల రెండు పక్కల కొండలు వెయ్యి మీటర్లకి మించి లేస్తాయి, మీ కాళ్ళకింద నీళ్ళ లోతు ఒకచోట 1,300 మీటర్లు. మీ ఓడ నీళ్ళలోపల ఉండే భాగం పది మీటర్లే. అంత పెద్ద ఓడ కొండల మధ్యకి అంతదూరం రాగలగడానికి ఆ లోతే కారణం.

పగలు ఫ్లామ్‌లో దింపాలంటే ఓడ రాత్రీ తెల్లవారుజామునా ఆ ఫ్యోర్డులో ప్రయాణం చేయాలి. జూన్‌లో అక్కడ నాలుగింటికే తెల్లగా తెల్లవారిపోతుంది. చాలామంది ప్రయాణికులు ముందురాత్రి షోలు చూసి ఎనిమిదింటికి లేచి, కిటికీ తెర తీసేసరికి ఓడ ఒడ్డున కట్టేసి ఉంటుంది. ప్రయాణంలో అన్నిటికన్నా గొప్ప భాగం నిద్రలో పోయిందని వాళ్ళకి తెలియను కూడా తెలియదు. మన ఇళ్ళల్లో తెల్లవారుజామున లేవడం కొత్తేమీ కాదు కదా, మీరిద్దరూ ఆ వేళకి లేవండి. కింగ్స్ కోర్ట్‌లో కాఫీ తీసుకుని ఏడో డెక్‌కి వెళ్ళండి. ఓడ చుట్టూ పూర్తిగా తిరిగి రావడానికి చెక్క పరిచిన నడవ ఉంటుంది, కూచోవడానికి కుర్చీలుంటాయి. ముందువైపు చూపు కావాలంటే పదకొండో డెక్ ముందు భాగంలో బయట నిలబడి చూసే చోటుంది, చాలామందికి దాని సంగతి తెలియదు. గాలికి ఆగలేకపోతే తొమ్మిదో డెక్ ముందున్న కమొడోర్ క్లబ్‌లో అద్దాల వెనక కూచోవచ్చు.

గైరాంగర్ ఫ్యోర్డు చిన్నది, 15 కిలోమీటర్లే. యునెస్కో 2005లో దాన్నీ, ఫ్లామ్ పక్కనున్న నేరోయ్ ఫ్యోర్డునీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఓడ లోపలికి వెళ్ళేటప్పుడు ఎడమవైపు కొండ మీంచి ఏడు పాయలుగా దూకే జలపాతం వస్తుంది. దాన్ని ఏడుగురు అక్కచెల్లెళ్ళు అంటారు. సరిగ్గా ఎదురుగా కుడివైపు ఒంటరిగా ఇంకో జలపాతం. దాని పేరు పెళ్ళికొడుకు. ఏడుగుర్నీ అడిగితే ఏడుగురూ కాదన్నారని అక్కడి కథ. మే, జూన్ నెలల్లో పై కొండల మంచు కరుగుతూ ఉంటుంది కాబట్టి ఏడు పాయలూ నిండుగా దూకుతాయి. ఆగస్టుకి సన్నబడి, కొన్ని పాయలు కనిపించవు కూడా. మీ పెళ్ళిరోజు జూన్‌లో రావడం ఈ విషయంలో మీ అదృష్టం.

ఆ జలపాతాల దగ్గర పైకి చూస్తే, నిట్టనిలువు కొండకి అంటుకున్నట్టు ఒకటి రెండు ఇళ్ళు కనిపిస్తాయి. అవి వదిలేసిన పొలం ఇళ్ళు. ఎడమవైపు క్నీవ్స్‌ఫ్లో. పైనుంచి బండలు పడతాయన్న భయంతో పందొమ్మిదో శతాబ్దం చివర్లో దాన్ని ఖాళీ చేశారు. కుడివైపు స్కాగెఫ్లో. నీటికి 250 మీటర్ల పైన, ఆ చారెడు చదునులో మనుషులు మేకల్ని పెంచుకుంటూ తరాలపాటు బతికారు. నార్వే రాజు హరాల్డ్, రాణి సోనియా తమ పెళ్ళి పాతికేళ్ళ పండగని 1993లో ఆ స్కాగెఫ్లోలోనే చేసుకున్నారు. మీరిద్దరూ నలభై ఏళ్ళ పండగకి దాని కింద నుంచి వెళతారు. కుడివైపు డెక్ మీద నిలబడి మీవారికి చూపించండి.

బాల్కనీ గది గురించి మీరు అడగలేదు కానీ, మీ అబ్బాయి ఇప్పుడు దాని మీదే డబ్బు పెట్టబోతుంటాడు. బాల్కనీ ఒక పక్కనే చూపిస్తుంది. ఫ్యోర్డుకి రెండు గోడలు. పైగా ఈ ఓడలో కింది డెక్‌ల బాల్కనీలు ఓడ ఉక్కు శరీరంలోకి తొలిచినట్టుంటాయి, కూచుంటే అడ్డుగా ఉన్న ఇనుప గోడే కనిపిస్తుంది, నిలబడితేనే నీళ్ళు కనిపిస్తాయి. ఎనిమిదో డెక్ బాల్కనీలు కొన్నిటికి లైఫ్‌బోట్లు అడ్డం. అంచేత నన్నడిగితే బాల్కనీకి పోసే డబ్బు మిగిల్చి, మామూలు కిటికీ గది వీలైనంత మధ్యగా, కింది అంతస్తులో తీసుకోమంటాను. అందుకు ఇంకో కారణం మీ కళ్ళు తిరగడం.

ఓడ ఊగినా దాని నడిమధ్య, అడుగుభాగాన కదలిక అన్నిటికన్నా తక్కువ. లైనర్ కాబట్టి ఓడ ఉక్కు గోడ మందం, ముక్కు పొడవు, అలని కోసుకుంటూ వెళుతుంది. ఊగుడు తగ్గించే రెక్కలూ ఉంటాయి. అయినా నార్త్ సీ మంచి సముద్రం కాదు, గాలి పెరిగితే అల తెలుస్తుంది. మీకు ఇబ్బంది ఉంటే వెళ్ళేటప్పుడు ఒకటిన్నర రోజు, వచ్చేటప్పుడు ఇంకొంచెం, అంతే. ఫ్యోర్డులోకి మలుపు తిరిగాక నీళ్ళు కోనేరులా ఉంటాయి. వాంతుల మాత్ర ఏది వేసుకోవాలో మీ డాక్టరుని ఇప్పుడే అడగండి. మీకు బీపీ గానీ, కంటి ప్రెషర్ గానీ ఉంటే కొన్ని మాత్రలు పనికిరావు. వేసుకునేది కడుపులో తిప్పడం మొదలైన తర్వాత కాదు, ముందే. అల్లం మురబ్బా వెంట ఉంచుకోండి. తల తిరుగుతుంటే గదిలో పడుకోకుండా డెక్ మీదికి వచ్చి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతని చూస్తూ కూచోండి.

మోకాళ్ళ సంగతి ఊరిని బట్టి చెబుతాను. ఫ్లామ్‌లో ఓడ దిగిన కొద్ది దూరంలోనే రైలు స్టేషన్. అక్కణ్ణుంచి మీర్డాల్ దాకా 20 కిలోమీటర్ల రైలు, ఆ కాస్త దూరంలో 860 మీటర్లకి పైగా ఎక్కుతుంది. మధ్యలో చోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర రైలు ఆపి దిగి చూడనిస్తారు. ఈ ప్రయాణంలో డబ్బు పెట్టి తీరవలసినది ఇదొక్కటే అంటాను. నడక లేదు, కష్టం లేదు, టికెట్లు మాత్రం త్వరగా అయిపోతాయి. ఓడవాళ్ళ ద్వారా తీసుకుంటే కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ రైలు ఆలస్యమైనా ఓడ మీకోసం ఆగుతుంది. మీకుమీరే కొనుక్కుంటే ఆగదు. అందుకని ఇక్కడ ఓడవాళ్ళ దగ్గరే కొనండి.

గైరాంగర్‌లో ఓడ నీళ్ళమధ్య లంగరు వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేర్చడం మామూలు. తేలే వంతెన ఒకటుంది కానీ అది ఒక్క ఓడకే. ఓడలోంచి పడవలోకి ఒక అడుగు దిగాలి. సిబ్బంది రెండు చేతులూ పట్టుకుని దింపుతారు, తొందరపెట్టరు. ఆ రోజు మాత్రం దయచేసి చీర కట్టకండి. గాలికి కుచ్చిళ్ళు లేస్తే కాలు ఎక్కడ పెడుతున్నారో కనిపించదు. పంజాబీ డ్రెస్సో పాంటో వేసుకోండి. మీవారూ ఆ రోజు పాంటే. మోకాళ్ళు బాగోకపోతే దిగకపోయినా నష్టం లేదు, అక్కడ ఊరు చిన్నది, ఫ్యోర్డే పెద్దది. అది డెక్ మీంచే బాగా కనిపిస్తుంది.

స్టవాంగర్‌లో రేవు పక్కనే పాత ఊరు, తెల్లటి చెక్క ఇళ్ళు, ప్రతి గుమ్మానికీ పూలు. రాళ్ళు పరిచిన ఎత్తుపల్లాల సందులు, మెల్లగా నడవాలి. ప్రేకెస్టోలెన్ అని 604 మీటర్ల ఎత్తున నీటి మీదికి చొచ్చుకొచ్చిన బండ ఫొటోలు మీ అబ్బాయి చూపించే ఉంటాడు. దాని మీదికి ఎక్కడం మీవారి మోకాళ్ళకి పనికాదు. లీసె ఫ్యోర్డులోకి పడవ వెళుతుంది, కిందినుంచి చూడవచ్చు. బెర్గెన్‌లో బ్రిగ్గెన్ అనే పాత వర్తకుల చెక్క ఇళ్ళ వరస, దాని దగ్గర్లోనే కొండ పైకి లాగే ఫ్లోయ్‌బానెన్ రైలు. 1918 నుంచి నడుస్తోంది, కొద్ది నిమిషాల్లో 320 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళి ఊరంతా చూపిస్తుంది. బెర్గెన్‌లో ఏడాదిలో 200 రోజులకి పైగా వాన పడుతుంది. గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోటు కొనండి. జూన్ పగళ్ళు పన్నెండు నుంచి పద్దెనిమిది డిగ్రీల మధ్య ఉంటాయి. తెల్లవారుజామున డెక్ మీద గాలి కలిస్తే బాగా చలి. లోపల థర్మల్స్, మధ్యలో స్వెటరు, పైన రెయిన్‌కోటు, మంకీ క్యాపు, చేతి గ్లవ్స్. పొరలుగా వేసుకుంటే తీసుకోవడం తేలిక.

తిండి విషయంలో బెంగ అక్కర్లేదు. ప్రతి భోజనంలోనూ శాకాహార వంటకాలుంటాయి, బఫేలో అన్నం, ఏదో ఒక కూర దొరుకుతాయి. ముందుగానే మీ అబ్బాయి చేత శాకాహారమని, గుడ్డు కూడా తినకపోతే ఆ మాట విడిగా, బుకింగ్‌లో రాయించండి. వాళ్ళ లెక్కలో గుడ్డు శాకాహారమే. సూపుల్లో మాంసం ఉడికించిన నీళ్ళు వాడవచ్చు, జెల్లీలాంటి తీపి పదార్థాల్లో జెలటిన్ ఉండవచ్చు, ఈ రెండూ అడిగి తినండి. మొదటి రాత్రే భోజనశాల పెద్దతో మాట్లాడితే రేపటి మెనూ ముందురోజే చూపించి, మీకేం కావాలో చేయిస్తారు. ఆవకాయ సీసా గట్టిగా మూతపెట్టి పెద్ద పెట్టెలో వేసుకోండి. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు ఇండియా నుంచి బ్రిటన్‌లోకి తీసుకురానివ్వరు, అవి వద్దు. ఇంటినుంచి తెచ్చుకున్న రైస్ కుక్కరు, కరెంటు కెటిల్ గదిలో వాడనివ్వరు. పూజకి దీపం, అగరొత్తులు కూడా వెలిగించకూడదు, ఓడలో నిప్పు విషయంలో మినహాయింపులుండవు. పెళ్ళిరోజు ఉదయం దేవుడి ఫొటోకి పూలు పెట్టుకుని దండం పెట్టుకోండి.

పెద్ద ఓడల్ని ఆపేస్తారన్నది నిజమే, కానీ మీ ప్రయాణానికి అడ్డు కాదు. గైరాంగర్ లాంటి ఇరుకు ఫ్యోర్డుల్లో ఎండాకాలం ఓడల పొగ కొండల మధ్య చిక్కుకుని కదలకుండా నిలిచిపోయేది. అందుకని వారసత్వ ఫ్యోర్డుల్లోకి పొగ వదలని ఓడలే రావాలని నార్వే పార్లమెంటు 2018లో తీర్మానించింది. పదివేల టన్నుల లోపు ఓడలకి 2026 జనవరి నుంచీ, అంతకన్నా పెద్దవాటికి 2032 నుంచీ ఆ నియమం వర్తిస్తుంది. గైరాంగర్, ఫ్లామ్ ఉన్న ఔర్లాండ్ ఫ్యోర్డు రెండూ అందులోకే వస్తాయి. మంచి నియమం. అక్కడ బతికేవాళ్ళు పీల్చేది ఆ గాలే కదా.

ఇంత చెప్పినా మీవారు ఆ ఓడ వద్దంటే, నార్వే వద్దనుకోకండి. బెర్గెన్ నుంచి ఉత్తరాన కిర్కెనెస్ దాకా హుర్టిగ్రూటెన్ ఓడలున్నాయి, 1893 నుంచి తీరం వెంబడి ఊరూరికీ సరుకులూ మనుషుల్నీ మోస్తున్నాయి. అందులో బట్టల నియమమే లేదు, స్వెటరుతో భోజనానికి కూర్చోవచ్చు. కానీ పెళ్ళిరోజు కదా, ఒక్కసారి ఆయన పట్టుపంచెలో, మీరు పట్టుచీరలో ఆ హాలు మెట్లు దిగాలని నాకు బలంగా ఉంది.

వీసాల పని ఇప్పుడే మొదలుపెట్టండి. మీకు రెండు కావాలి. సౌతాంప్టన్ కోసం బ్రిటన్ విజిటర్ వీసా, నార్వే కోసం షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా). నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది, బ్రిటన్ లేదు. అందుకని ఒక వీసా రెండో దానికి పనికిరాదు. షెంగెన్‌కి ప్రయాణం తేదీకి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయవచ్చు, అడిగేటప్పుడు మల్టిపుల్ ఎంట్రీ అడగండి. 30,000 యూరోల వైద్యఖర్చులకి తగ్గని ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆ పాలసీలో ఓడ ప్రయాణం కూడా కలిసిందో లేదో చదివి చూడండి, ఓడలో డాక్టరు బిల్లు చాలా ఎక్కువ. పాస్‌పోర్టు రెండు దరఖాస్తులకీ ఒకటే కాబట్టి ఒకటి చేతికొచ్చాకే రెండోది అనుకుని, అందుకు తగ్గ వ్యవధి పెట్టుకోండి. ఓడ ఎక్కేరోజు పెట్టెలు గదికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. బీపీ, షుగరు మాత్రలు, పాస్‌పోర్టులు, ఒక స్వెటరు మీ చేతిసంచిలోనే ఉంచుకోండి.